సీసాకు నీళ్లు తగలకముందు

నేను కోరుట్లలో ఒక కల్లు డిపోలో సీసాలు కడిగాను. పెళ్లయి వచ్చిన కొత్తలో మొదలుపెట్టి, మోకాళ్లు మొరాయించేదాకా అదే పని చేశాను. మా ఆడబిడ్డ ఇప్పటికీ ఎవరైనా అడిగితే "మా వదినె కంపెనీల జేసింది" అంటుంది. ఏ కంపెనీ అని అడిగితే మాట మారుస్తుంది. నాకా దాపరికం లేదు. ఒకరు తాగి పడేసిన సీసాను ఇంకొకరు నిశ్చింతగా నోటికి పెట్టుకోవాలంటే మధ్యలో ఎవరో కూర్చుని చాకిరీ చేయాలి. ఆ మధ్యలో కూర్చున్నదాన్ని నేను.

డిపోకు ఈ మధ్య యంత్రం వచ్చింది. ఒకవైపు మురికి సీసా పెడితే ఇంకోవైపు తళతళలాడుతూ బయటికి వస్తుందట. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలు మొన్న మా ఇంటికి వచ్చి, "సత్తక్కా, మీరు షెడ్డు నిండ గూసొని జేశిన పని మిషిన్ ఒక్కతే జేస్తాంది" అని నన్ను ఉడికించారు. "మరి మీ మిషిన్‌కు ముక్కున్నదా?" అని అడిగాను. పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వే మాట కాదని చెప్పినా వినలేదు. చిన్నవాళ్లు, నవ్వనీ. కానీ వాళ్లు వెళ్లాక నాకు నిద్ర పట్టలేదు. గంగక్క పేరు కూడా వాళ్లకు సరిగా తెలియదు. ఒక్క మాట చెప్పి తన పీట తానే పోగొట్టుకున్న మనిషిని వాళ్లు తెలుసుకోకపోతే ఎట్లా? నేను పదో తరగతి దాకా చదివాను. ఆ చదువు ఇంతకాలానికి అక్కరకొచ్చింది, రాస్తున్నాను.

మొదట ముక్కు

కల్లు సీసా కొత్తది కాదు. ఎప్పటిదో బీరు సీసా, ఎన్నిసార్లు నిండిందో ఎన్నిసార్లు ఖాళీ అయిందో దానికే తెలియాలి. దుకాణాల నుంచి, ఊళ్ల నుంచి ప్లాస్టిక్ పెట్టెల్లో, గోనె సంచుల్లో తిరిగి వస్తుంది. దుకాణంలోనే తాగి అక్కడే పెట్టిపోయిన సీసాతో తంటా లేదు. ఇంటికి పోయి వచ్చిన సీసాతోనే తంటా అంతా.

మనవాళ్ల ఇంట్లో ఖాళీ సీసా ఊరికే ఉండదు. కోరుట్లలో దాంట్లో కొబ్బరినూనె పోస్తారు, ఫినాయిలు పోస్తారు. సిరిసిల్ల నుంచి వచ్చే సీసాల్లో మగ్గాలకు వేసే నూనె ఉంటుంది. బీర్పూర్ దిక్కు, రుద్రంగి దిక్కు రైతుల ఇళ్ల నుంచి వచ్చే వాటిలో కిరసనాయిలు, డీజిలు, ఒక్కోసారి పురుగుల మందు. మందు పెద్ద డబ్బా కొని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. పంచుకోవడానికి చేతికి దొరికేది కల్లు సీసానే. మందు కొట్టడం అయిపోయాక ఆ సీసాలో నీళ్లు పోసి రెండుసార్లు తిప్పి పారబోసి, కడిగామనుకుని సంచిలో వేస్తారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. అడిగితే "కడిగినం గదనే" అని వాళ్లే మనమీద అలుగుతారు.

అందుకని మా షెడ్డులో మొదటి పీట ముక్కుది. అక్కడ కూర్చున్న ఆమె ప్రతి సీసానూ పొడిగా ఉన్నప్పుడే వాసన చూడాలి. నీళ్లు తగిలాయంటే ఇక ఏమీ తెలియదు. బట్టల సోడా వేసిన వేడినీళ్లలో మునిగిన ప్రతి సీసాకూ సోడా వాసనే వస్తుంది. రెండో పీట మీది ఆమె నానిన సీసాలను బ్రష్ పెట్టి తోముతుంది. తర్వాతి ఆమె మంచినీళ్లతో తిప్పుతుంది. చివరి ఆమె వెలుతురుకు ఎత్తి చూసి బోర్లిస్తుంది. వెనక పీటల మీద ఏ పొరపాటు జరిగినా సీసా మళ్లీ వెనక్కి వస్తుంది. మొదటి పీట మీద జరిగిన పొరపాటు మాత్రం నేరుగా ఎవరి నోట్లోకో పోతుంది.

వాసన చూడడమంటే సీసా మూతిని ముక్కుకు ఆనించుకోవడం అనుకునేరు. అట్లా చేస్తే ఒక్క మందు సీసా చాలు, ఆసుపత్రిలో పడతారు. జానెడు దూరంలో పట్టుకుని, రెండో చేత్తో గాలిని తనవైపు మెల్లగా విసురుకోవాలి. కొన్ని సీసాలు చూశాక లేచి ఆరుబయట కాసేపు నిలబడి రావాలి. ముక్కు కూడా కాళ్లలాగా అలసిపోతుంది.

ఆ మొదటి పీట గంగమణిది. నాకంటే పెద్దది, అందరికీ గంగక్క. పెనిమిటి మస్కట్‌లో సెంట్రింగు పని. పని ఉన్న రోజుల్లో ఆమె తలకు నూనె పెట్టేది కాదు, పూలు ముడిచేది కాదు, సబ్బు కూడా వాసన లేనిదే రుద్దుకునేది. ఆదివారం చూడాలి ఆమెను. వారం రోజుల పూలు ఒక్కరోజే పెట్టుకుని, తలకింత నూనె పట్టించి, బజారుకు వచ్చేది. "ఏందక్కా, ఇయ్యాల పెండ్లా?" అని మేము ఆటపట్టిస్తే, "ఆరు దినాలు సీసలకు ఇచ్చిన ముక్కును ఒక్క దినం నేను వాడుకోవద్దానే" అనేది.

పుట్టింటి వాసన

నన్ను ఆ పీట మీద కూర్చోబెట్టి నేర్పింది గంగక్కే. తాను సెలవు పెడితే ఇంకొకరికి పని రావాలని ఆమె పట్టుదల. కొంతమంది పని వచ్చినవాళ్లు దాన్ని కొంగుకు ముడివేసుకుంటారు, ఆమె అట్లా కాదు.

కిరసనాయిలు వెంటనే పట్టాను. ఫినాయిలు పట్టాను. మంచి పనిమంతురాలినని మురిసిపోతుండగా, సిరిసిల్ల నుంచి వచ్చిన సంచి విప్పారు. ఒక్కో సీసా చూసి దాటించాను. గంగక్క వచ్చి, నేను దాటించిన వాటిలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

"ఇది మగ్గం నూనె. ఇది గూడ. ఇది గూడ గదే."

"లేదక్కా, ఒట్టు. ఏం వాసన అస్తలేదు."

"నీ తల్లిగారూరు ఏది?"

"సిరిసిల్ల."

"మగ్గాలింటి పిల్లవా?"

"అవునక్కా, ఇంట్లనే మగ్గాలు."

గంగక్క నవ్వింది. "గంతే మరి. పుట్టింటి వాసన ముక్కుకు వాసన గాదు సత్తవ్వ. నీ ముక్కు గిది మీ అవ్వ చీరె అనుకుంటాంది."

తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని. పాత పేపరు ముక్క చింపి, పుల్లకు చుట్టి, సీసాలో తిప్పి బయటికి తీసింది. కాగితం మీద నూనె మరక మెరిసింది. "నీకు సిరిసిల్ల సీస అస్తే ముక్కును నమ్మకు, కాగితాన్ని నమ్ము. ఎవల ముక్కుకు ఏది తెల్వదో గది వాళ్లకు తెల్వాలె" అంది. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన మాట అది. కొత్తగా చేరినవాళ్లను అందుకే మొదట అడిగేదాన్ని, మీ ఇంట్లో ఏం పని చేస్తారు అని. ఎరువుల దుకాణం ఇంటి పిల్లకు మందు వాసన తెలియదు, మెకానిక్కు ఇంటి పిల్లకు డీజిలు తెలియదు.

కొన్ని నెలలకు నేను పుట్టింటికి పోయాను. గడపలో అడుగు పెట్టగానే మగ్గం నూనె వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. తెలియకుండానే కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా అమ్మ చూసి, "ఏందే, గిదే నూనెల పుట్టి గిదే నూనెల పెరిగి, గిప్పుడు నీకు వాసనస్తుందా?" అని నొచ్చుకుంది. నాకు గర్వమూ అనిపించింది, ఏడుపూ వచ్చింది. పని నేర్చుకుంటే ఇట్లాంటివి కొన్ని పోతాయి, ముందే తెలుసుకుని రండి.

కడిగితే సరిపోదు, కడగకుంటే అసలే సరిపోదు

మా డిపో మేనేజరు నర్సాగౌడ్. మేము నర్సన్న అనేవాళ్లం. గొంతు పెద్దది, కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయన గురించి చెడ్డగా చెప్పేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం ఆయనలాంటి మేనేజరు దొరకడం అదృష్టమనే అంటాను. ఎందుకో చెబుతాను.

ఒకసారి ఎక్కడో చూసి వచ్చి, బ్లీచింగ్ పౌడరు బస్తాలు దింపాడు. "ఇగ బ్రష్‌లు బంద్. బ్లీచింగ్ నీళ్లల్ల ముంచుడు, తీసుడు. పురుగు జచ్చిపోతది" అన్నాడు. గంగక్క ఒకటే మాట అంది: "అన్నా, మడ్డి తియ్యకుంట ఏ మందేసినా మడ్డే తాగుతది." కల్లు సీసా అడుగున ఆరిపోయి పట్టుకున్న తెల్లటి పొరను మేము మడ్డి అంటాం. మెడ వంపులో కూడా పడుతుంది, అక్కడ కంటికి కనిపించదు. నర్సన్న వినలేదు. పైవాళ్లు ఒకసారి బస్తాలు దింపాక వినడం కష్టమే.

ఆ వారం రుద్రంగిలో ఒక పెళ్లికి మా డిపో కల్లు పోయింది. మధ్యాహ్నానికే పులిసి సీసాలు పొంగాయి. పొంగనివాటిలో బ్లీచింగ్ కంపు. పెళ్లికొడుకు మేనమామ నర్సన్నను పదిమందిలో నిలబెట్టి, "కల్లు దెమ్మంటే నల్లా నీళ్లు దెచ్చినవా నర్సన్నా?" అని అడిగాడట. ఇంకొకరయితే తిరిగి వచ్చి మామీద పడేవాళ్లు. నర్సన్న మర్నాడు వచ్చి, చొక్కా చేతులు మడిచి, రెండో పీట మీద కూర్చుని, బ్రష్ అందుకున్నాడు. పూటంతా తోమాడు. ఒక సీసా మెడలో వేలు పెట్టి చూసుకుని, ఆ జిగురు గంగక్కకు చూపించి, "నువ్వన్నదే నిజం, తప్పయింది" అన్నాడు. అందరం విన్నాం. ఆ మాట అనగలిగిన మేనేజరు కింద పని చేయడానికి నాకు ఎప్పుడూ చిన్నతనం అనిపించలేదు.

కాబట్టి వరుస ఇది. ముందు బ్రష్, తర్వాత మంచినీళ్లు, ఆ తర్వాతే కొద్దిగా బ్లీచింగ్ కలిపిన నీళ్లు, చివరికి మరిగించి చల్లార్చిన నీళ్లు. మురికి తీయడం ఒక పని, మురికి తీశాక కంటికి కనిపించనిదాన్ని చంపడం ఇంకో పని. మొదటిది చేయకుండా రెండోది చేస్తే ఫలితం రుద్రంగి పెళ్లే. ఆరబెట్టేటప్పుడు గుడ్డతో తుడవకండి, ఎంత శుభ్రమైన గుడ్డయినా ఏదో ఒకటి అంటించే పోతుంది. బోర్లించి వదిలేయండి. చల్లటి సీసాలో సలసల కాగే నీళ్లు పోయకండి, చేతిలోనే పగులుతుంది. మూతి దగ్గర చిన్న పెచ్చు లేచినా ఆ సీసా మీద జాలి చూపకండి. ఈ మధ్య కొంతమంది ఇంట్లోనే ఏవేవో పులియబెట్టుకుంటూ, ఫోన్‌లో వీడియోలు చూసి నన్ను సలహా అడుగుతున్నారు. వాళ్లకు కూడా ఇదే చెబుతాను. తాగిన వెంటనే సీసాలో నీళ్లు పోసి పెట్టుకోండి, మడ్డి ఆరనివ్వకండి, సగం చాకిరీ తగ్గుతుంది.

దసరా ముందు రోజు

ఇక చెప్పాల్సిన సంగతి. కరోనా వచ్చిన ఏడు, గంగక్కకు జ్వరం పట్టుకుంది. ఇంట్లోనే పడుకుని, మందులు మింగి, తేరుకుని దసరాకు మూడు రోజుల ముందు పనిలోకి వచ్చింది. మనిషి సగమైంది కానీ పీట మీద కూర్చోగానే చేయి మునుపటిలాగే ఆడింది. సీసా ఎత్తడం, జానెడు దూరంలో పట్టడం, గాలి విసురుకోవడం, దాటించడం. పండుగ గిరాకీ కాబట్టి సంచులు కొండలా పడి ఉన్నాయి. ఆమె వచ్చిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. గంగక్క డబ్బా మూత తీయగానే నాకు పులిసిన కంపు కొట్టింది. చుక్కకూర పప్పు, పాచిపోయింది. ఆమె మాత్రం కలుపుకుని తింటోంది.

"అక్కా, గా పప్పు పాశిపోయింది. గదెట్ల తింటున్నవే?"

"పాశిపోయిందా?" అని డబ్బా దగ్గరికి తీసుకుంది. ఇంకా దగ్గరికి తీసుకుంది. తర్వాత నా డబ్బాలోని తెల్లగడ్డ కారం అడిగి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. లేచి, తాను జ్వరంతో ఉన్నప్పుడు మేము పనికిరావని పక్కన పెట్టిన సీసాల దగ్గరికి పోయింది. కిరసనాయిలు సీసా ఒకటి ఎత్తింది. మూతిని ముక్కుకు ఆనించవద్దని మమ్మల్ని ఎన్నేళ్లుగానో తిడుతున్న మనిషి, ఆ మూతిని తన ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది.

ఆమె ముఖం నేను మర్చిపోలేను. జ్వరంలో నోరు చేదుగా ఉండి ఏదీ తెలియలేదు, అది జ్వరమే అనుకుందట. పని దగ్గర కూడా ఆమెకు అనుమానం రాలేదు. ఎందుకంటే చెడ్డ వాసన రాకపోవడమే మాకు మంచి సీసా గుర్తు. వాసనే రాని ముక్కుకు ప్రతి సీసా మంచిదే.

నేను ఆమె చేయి పట్టుకుని మెల్లగా అన్నాను: "ఎవలకు చెప్పకక్కా. అన్నం దిన్నంక నీ పీట మీద నేను కూసుంట, నా దాని మీద నువ్వు కూసో. నడుముల నొప్పంటే ఎవలడుగుతరు?"

"ఇయ్యాల్టియి నువ్వు సూస్తవ్ సత్తవ్వ. నిన్నటియి, మొన్నటియి ఎవలు సూస్తరు?"

అవన్నీ పండుగ కోసం కడిగి బోర్లించినవి, పొద్దున కల్లు పోసి మూతలు వేసినవి. కొన్ని దుకాణాలకు పోయాయి. మిగతావి వాకిట్లో పెట్టెలు పెట్టెలుగా బండికి ఎక్కుతున్నాయి. దసరాకు కల్లు లేకుండా మన దగ్గర ఏ ఇల్లు ఉంటుంది? గీత కార్మికులు కూడా అక్కడే ఉన్నారు, మర్నాటి మాట మాట్లాడుకుంటూ.

గంగక్క చేయి కూడా కడుక్కోకుండా వాకిట్లోకి నడిచింది.

"నర్సన్నా, బండి ఆపుండ్రి."

"ఏమైంది గంగమణీ?"

"నాకు వాసన అస్తలేదు. జరమచ్చినకాంచే పోయినట్టుంది, నాకు గిప్పుడే తెల్సింది. పనికచ్చినకాంచి నేను సూశిన సీసలల్ల ఒక్కదాన్ని గూడ నమ్మద్దు. అన్ని ఒంపుండ్రి."

నర్సన్న ముఖంలో రంగు మారింది. గీత కార్మికుల్లో మల్లేశం అనే ఆయన ముందుకు వచ్చాడు. మంచివాడే, కానీ పొద్దున్నే చెట్లెక్కి దిగిన ఒళ్లు.

"ఒంపుమనుడు నీకు అల్కగనే ఉంటది. చీకట్ల నడుముకు మోకేసుకొని చెట్టెక్కినోళ్లం మేము."

"అల్కగ లేదు మల్లేశన్నా. నాకేం అల్కగ లేదు" అంది గంగక్క. "చెట్టు రేపు మల్ల ఇస్తది. గిండ్ల ఒక్క సీసల మందున్నా, తాగినోడు మల్ల అస్తడా?"

నర్సన్న అరిచాడు. "పండుగ పూట నా నోట్లె మన్ను గొట్టినవ్! మూడు ఊర్లు జూస్తున్నయి కల్లు కోసం. ఇంటికి వో! మల్ల గీ గేట్ల అడుగువెట్టకు!"

"పోత" అంది. "గని గవి ఒంపినంకనే పోత."

అని, బండికి ముందర నేల మీద కూర్చుంది.

నర్సన్న ఆమె దగ్గరికి నడిచాడు. ఇక ఆమెను లాగి పారేస్తాడేమో అనుకున్నాను. జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక్కో దుకాణానికీ చేసి, "పొద్దున అచ్చిన పెట్టెలు ముట్టద్దు, ఎవలకన్న ఇస్తే వాపస్ దెప్పియ్యుండ్రి" అని చెప్పాడు. తర్వాత బండెక్కి మొదటి పెట్టె తానే దింపి, మొదటి సీసా మూత తీసి నేల మీద పోశాడు. మల్లేశం తల దించుకుని రెండోది అందుకున్నాడు. మేమంతా కలిశాం.

తెల్లటి నురగ వాకిట్లో కాలువ కట్టింది. చుట్టుపక్కల వాళ్లు గోడల మీదుగా తొంగి చూశారు. బజారు దాకా కల్లు వాసన కొట్టిందట. ఆ వాకిట్లో నిలబడి ఆ వాసన తెలియనిది గంగక్క ఒక్కతే. చివరి సీసా ఒంపేదాకా చూసి, లేచి, చీర దులుపుకుని, గేటు దాటి పోయింది.

ఆ సీసాలన్నీ పగులగొట్టించారు. వాటిలో మందు సీసా ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఇక తెలియదు కూడా. ఎవరికీ ఏమీ కాలేదు. "ఊకెనే ఒంపిచ్చింది, పిచ్చిది" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననీ. నాకు మాత్రం ఆ రోజు గంగక్క ముందు చాలా చిన్నదాన్నయిపోయినట్టు అనిపించింది. ఆమె చేసింది నేను చేయగలిగేదాన్ని కాదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు, ఆమెను మెచ్చుకోవడానికి మాటలే చాలవు.

బీడీల చాట

పండుగ నాడు ఇంట్లో అందరూ జమ్మి ఆకు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎవరైనా వచ్చినప్పుడు కళ్లు తుడుచుకోవడం, వాళ్లు పోగానే మళ్లీ మొదలుపెట్టడం. గంగక్క పెనిమిటి పంపే పైసలు ఇంటి అప్పుకే సరిపోతాయి, ఇల్లు నడిచేది ఈ పనితోనే. దాన్ని తన నోటితో తానే పోగొట్టుకుంది.

పండుగ తర్వాత డిపో తెరిచిన నాడు మొదటి పీట ఖాళీగా ఉంది. "సత్తవ్వా, నువ్వు కూసో" అన్నాడు నర్సన్న. కూర్చున్నాను. ఒక్కో సీసా ఎత్తి, చూసి, దాటించాను. నర్సన్న షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు, మళ్లీ వచ్చి పీట దిక్కు చూస్తున్నాడు. ఎండెక్కాక నా దగ్గరికి వచ్చి, "లే. గంగమణి ఇంటికి వోదాం పా" అన్నాడు. నా చోట ఎవరినీ కూర్చోబెట్టకుండానే ఆటో పిలిచాడు. వెనక పీటల వాళ్లు నేను దాటించిన సీసాలు తోముతూనే ఉన్నారు.

గంగక్క ఇంటి అరుగు మీద బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడో మానేసిన పని మళ్లీ మొదలుపెట్టింది. తునికాకు కత్తిరించి పక్కన పేర్చుకుంది. మమ్మల్ని చూసి లేవబోయింది.

"కూసో కూసో" అన్నాడు నర్సన్న. తాను మాత్రం నిలబడే ఉన్నాడు. "కోపంల ఏదో అన్న. మనసుల వెట్టుకోకు. పనికి రా."

"మీరన్నదాంట్ల తప్పులేదన్నా. ముక్కు లేనిదాన్ని, ఆడ నాకేం పనుంటది? బీడీలు జేసుకుంట. ఆకుకు వాసన జూసే పని లేదు."

"పీట మీద కూసోవద్దు నువ్వు. కూసున్నోళ్లను సూడు. ఎవల ముక్కు ఎట్లున్నదో, ఎవలు అలిసిపోయిండ్రో, ఎవలను లేపాలెనో నువ్వే జెప్పు."

"ముక్కు లేనిదాని మాట ఎవలింటరన్నా?"

నర్సన్న గొంతు అంత చిన్నగా పలకడం నేను అంతకుముందు వినలేదు.

"వాసన జూసెటోళ్లు మస్తుమంది దొర్కుతరు గంగమణీ. వాసన అస్తలేదని జెప్పెటోళ్లు నాకు యాడ దొర్కుతరు?"

గంగక్క తల ఎత్తలేదు. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, ముడి వేసి, చాటలో పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది. రానంటుందనే అనుకున్నాను. ఆకు చుట్టబోతూ ఆగి, అడిగింది:

"మొదటి పీట మీద ఎవలను కూసోవెట్టినవ్?"

"ఇగో, సత్తవ్వను. పొద్దటికెల్లి గదే సూస్తాంది."

అప్పుడు మొదటిసారి నావైపు సరిగా చూసింది. నా ముఖం, నా కళ్లు, నా ముక్కు, అన్నీ చూసింది.

"దీన్నా!" అని చాట పక్కకు నెట్టి లేచింది. "దీని కండ్లు జూడుండ్రి ఎట్ల ఉబ్బినయో! పండుగంత ఏడ్సినట్టుంది. ఏడ్సిన ముక్కుకు ఏం వాసనస్తదన్నా? పొద్దటికెల్లి ఏమేం దాటిచ్చిందో ఏమో! ఫోన్ జెయ్యుండ్రి, నీళ్లల్ల ఏస్తున్నయి ఆపుమనుండ్రి. నడువుండ్రి, నడువుండ్రి!"

నేను ముక్కు ఎగపీల్చి చూసుకున్నాను. నిజమే, పూర్తిగా మూసుకుపోయి ఉంది.

చెప్పులు కూడా వేసుకోకుండా గంగక్క ఆటో ఎక్కింది. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది. నర్సన్న డ్రైవరు పక్కన కూర్చుని, షెడ్డుకు ఫోన్ చేసి, "ఆపుండ్రి, అన్ని ఆపుండ్రి, గంగమణి అస్తాంది" అని చెబుతున్నాడు.